చదువు రాని పెద్దామె

జనవరి వచ్చిందంటే బెంగళూరు యలహంక పాత ఊళ్ళోని అశ్వత్థప్ప ఇంట్లో ఎటు చూసినా అనపకాయలే. రెండువేల మూడులో ఆ శనివారం పొద్దున కూడా అంతే. రాత్రి నానబెట్టిన గింజల గిన్నె ముందు పెట్టుకుని సుబ్బలక్ష్మమ్మ వంటింటి గడప దగ్గర కూర్చుంది. ఒక్కో గింజనూ రెండు వేళ్ళ మధ్య నొక్కితే తోలు చేతిలో మిగిలి పప్పు గిన్నెలోకి దూకుతోంది. ఎదురుగా స్టూలు మీద కోడలు హరిణి కూర్చుని కొత్త నవల ఒకటి పైకి చదువుతోంది.

“ఆగు ఆగు,” అంది సుబ్బలక్ష్మమ్మ. “ఆ టైలరామె పదహైదు మందికి ఒక్కతే వంట చేసిందంటివా?”

“అలాగే రాశారు అత్తయ్యా. ‘క్షణాల్లో’ అని కూడా రాశారు.”

“క్షణాల్లోనా. అయితే రాసినామె ఇంట్లో వంటమనిషి ఉండాదిలే. రాసుకో.”

హరిణి నవ్వుతూ పుస్తకం అంచున పెన్సిలుతో రాసుకుంది. నాలుగేళ్ళుగా ఆ ఇంట్లో సమీక్షలు తయారయ్యే పద్ధతి ఇదే. హరిణిది ఖమ్మం. హూడిలో సాఫ్ట్‌వేరు కంపెనీలో ఉద్యోగం చేస్తూ, అక్కడే పనిచేసే మల్లికార్జున్‌ను ఇష్టపడి పెళ్ళి చేసుకుని ఈ ఇంటికి వచ్చింది. హైదరాబాదు నుంచి వచ్చే ఒక వారపత్రికలో ‘కొత్త పుస్తకం’ అనే పేజీ ఆమెది. ఆడవాళ్ళ జీవితాల మీద కొత్తగా వచ్చిన నవలలూ కథల పుస్తకాలూ పత్రికవాళ్ళు కొరియర్లో పంపుతారు. వాటిని కంపెనీ బస్సులో ఒకసారి చదువుతుంది. శని, ఆదివారాల్లో అత్తగారికి వినిపిస్తూ రెండోసారి చదువుతుంది. రెండోసారి చదవకుండా ఒక్క సమీక్ష కూడా పంపింది లేదు.

వినిపించడం ఎందుకంటే సుబ్బలక్ష్మమ్మకు తెలుగు అక్షరాలు రావు. పుట్టినప్పటి నుంచీ మాట్లాడేది తెలుగే, కానీ చదివింది దేవనహళ్ళి కన్నడ బడిలో. బెంగళూరు పాత తెలుగు ఇళ్ళలో సగం మంది సంగతి ఇంతే. నోట్లో తెలుగు, కాగితం మీద కన్నడం. పొద్దున కన్నడ పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీలో సంతాప ప్రకటనల దాకా చదివితే గాని ఆమెకు కాఫీ దిగదు. ఇక నవల వింటే మాత్రం ఆమె దగ్గర ఏ రచయిత్రి ఆటలూ సాగవు. ఎక్కడ అబద్ధం రాశారో అక్కడ గింజ పితకడం ఆపేస్తుంది. హరిణికి అదే గుర్తు.

పోయిన నెల వచ్చిన నవల సంగతి వేరు. అందులో చైత్ర అనే ఆవిడ ఒక రోజు ఇల్లు వదిలి వెళ్ళిపోయి, సాయంత్రానికి తిరిగి వచ్చేస్తుంది. ఆ ముగింపును అందరూ తిట్టారు. రచయిత్రి వెనకడుగు వేసిందన్నారు. హరిణి కూడా అదే మాట రాయబోతుంటే సుబ్బలక్ష్మమ్మ చెయ్యి ఆగిపోయింది. ఈసారి అబద్ధానికి కాదు.

“పోయేదానికి ధైర్యం అక్కర్లేదు తల్లీ. కోపం ఉంటే చాలు. పొద్దు మునిగినాక, ఇంట్లో అందరూ చూస్తాంటే గడప దాటి లోపలికి వచ్చేది ఉండాది చూడు, దానికి కావల్ల గుండె. నేనూ ఒకసారి పోయినా, దేవనహళ్ళి దాకా. సాయంత్రం బస్సుకు వచ్చేసినా,” అంది.

ఎందుకు వెళ్ళారత్తయ్యా అని అడగవలసిన చోట, మాట మరిచిపోతానేమోనని హరిణి కాగితం కోసం లోపలికి పరుగెత్తింది. రాసేవాళ్ళకు ఇదొక రోగం. ఎదుటి మనిషి గుండె విప్పితే వీళ్ళు పెన్ను వెతుక్కుంటారు.

ఆ సమీక్ష అచ్చయిన పత్రిక ఈ శనివారమే వచ్చింది. అశ్వత్థప్ప దాన్ని చంకలో పెట్టుకుని, మా కోడలు రాసిందని నలుగురికీ వినిపించుకోవడానికి పొద్దున్నే పార్కుకు వెళ్ళాడు. తనకూ తెలుగు అక్షరాలు రావు కాబట్టి చదివిపెట్టడానికి పద్మనాభంగారున్నారు. అనంతపురంలో తెలుగు మాస్టారుగా రిటైరై, కొడుకు దగ్గర ఉంటున్నాడాయన. మామూలుగా ఎనిమిదింటికి నవ్వుకుంటూ వచ్చి కాఫీ అడిగే అశ్వత్థప్ప, ఆ పొద్దు ఏడున్నరకే వచ్చేశాడు. చెప్పులు కూడా బయట విడవలేదు.

“ఏమ్మా హరిణీ, ఏమి రాసినావు పత్రికలో?”

ఆ గొంతు విని హరిణి స్టూలు మీద నుంచి లేచింది. “ఏమైంది మామయ్యా?”

“పద్మనాభంగారు గట్టిగా చదివినారు. నేనే చదవమంటి. నంజప్ప ఉండాడు, అంజినప్ప ఉండాడు. యలహంక పెద్దామె అంట, దేవనహళ్ళి పోయిందంట, సాయంత్రం బస్సుకు వచ్చిందంట. నంజప్ప నా మొగం చూసినాడు. ‘ఏమప్పా, ఆ కాలంలో ఒకసారి నీ పెండ్లాము కనపడలేదని సైకిలు మీద ఊరంతా తిరిగితివే, అదేనా ఇది’ అనేసినాడు. ముప్పై ఏండ్లు, ముప్పై ఏండ్లమ్మా, బయటోళ్ళకెవురికీ తెలీకుండా పెట్టుకున్న మాట. నువ్వు హైదరాబాదుకు పంపించి అచ్చేయించినావు.”

పత్రికలో పేరు రాయలేదు కదా అనుకుంది గాని, యలహంక, దేవనహళ్ళి అని రెండు ఊళ్ళ పేర్లు రాస్తే పేరు రాసినట్టేనని హరిణికి అప్పటిదాకా తట్టలేదు. పార్కులో వినేవాళ్ళలో ఆనాటి సంగతి తెలిసినవాళ్ళు ఉంటారనీ తట్టలేదు.

మాటలు విని మల్లికార్జున్ స్నానం తువ్వాలుతోనే బయటికి వచ్చాడు. “నాయనా, కూల్‌గా మాట్లాడదాం. హరిణి ఇంటెన్షన్ అది కాదు కదా.”

“నువ్వు ఊరికుండప్పా. నేను చెప్పేది ఒకటే. సోమవారం లోపల ఆ పత్రికకు ఉత్తరం పోవల్ల. ‘ఆ మాట ఎవురూ అనలేదు, నేనే కల్పించినా’ అని. అది అచ్చులో రావల్ల. లేదంటే ఈ ఇంట్లో పుస్తకాల పని సాకు, ఇంక చాలు.”

“నాయన అడిగినట్టు ఒక చిన్న క్లారిఫికేషన్ రాసేస్తే ఇష్యూ క్లోజ్ అయిపోతుంది హరిణీ,” అన్నాడు మల్లికార్జున్ మెల్లగా.

“సమీక్షలో కల్పించి రాశానని నేనే ఒప్పుకుంటే క్లోజ్ అయ్యేది నా పేజీ,” అంది హరిణి. ఆఫీసులో ఎన్ని ప్రాజెక్టులు చేసినా, తనది అని చెప్పుకోవడానికి ఆమెకున్నది ఆ ఒక్క పేజీ.

ఇంత జరుగుతున్నా సుబ్బలక్ష్మమ్మ తల ఎత్తలేదు. గింజలు పితుకుతూనే ఉంది. అశ్వత్థప్ప పత్రికను బల్ల మీద పడేసి పెరట్లోకి వెళ్ళాక అప్పుడు చేతులు కొంగుకు తుడుచుకుంది.

“ఏమి రాసినావో నాకు చదివి వినిపించు.”

హరిణి పత్రిక తీసింది. అచ్చులో వాక్యం ఇలా ఉంది: ‘ఇందరు విమర్శకులకు తట్టని మాట యలహంకలో చదువు రాని ఒక పెద్దామె నాతో అన్నది.’ ఆ చోటికి వచ్చేసరికి హరిణి నాలుక తడబడింది. “యలహంకలో... ఒక పెద్దామె నాతో అన్నది” అని చదివి ముందుకు పోయింది. రెండు మాటలు మింగేసింది.

ఆ రెండు మాటలూ తెలియక రాసినవి కావు. రోజూ పొద్దున కన్నడ పేపరు చదివే మనిషిని కళ్ళారా చూస్తూ రాసినవే. ‘ఒక పెద్దామె’ అంటే వాక్యం చప్పగా అనిపించింది. ‘చదువు రాని’ అని చేర్చగానే మెరిసింది. విమర్శకులొక పక్క, చదువు రాని మనిషొక పక్క. ఎంత బాగుందో అని తనకు తానే మురిసిపోయి పంపేసింది. ఆమెకు తెలుగు అక్షరాలు రావు కదా, ఎప్పటికీ చూడదు కదా అనే ధీమా కూడా లోపల ఒక మూల ఉంది. ఆమె ముందు కూర్చుని చదవవలసి వచ్చేసరికి మాత్రం పెదవి దాటలేదు.

అంతా విన్నాక సుబ్బలక్ష్మమ్మ మొహం విప్పారింది.

“నా మాటే. ఒక్కటీ మార్చలేదు నువ్వు. నా మాట అచ్చులో ఉండాది.”

“మామయ్య అంత బాధపడుతుంటే...”

“మీ మామ సంగతి నేను చూసుకుంటా. ఆ పత్రిక ఇట్ల పెట్టిపో.”

“మీకెందుకత్తయ్యా?”

“సుమ్నే, ఊరికే. నా దగ్గర ఉండనీ.”

హరిణి ఇవ్వక తప్పలేదు. ఆ శనివారం మధ్యాహ్నమూ, ఆదివారం పొద్దునా సుబ్బలక్ష్మమ్మ కళ్ళజోడు పెట్టుకుని ఆ పేజీ ముందు కూర్చోవడం అందరూ చూశారు. తన మాట అచ్చులో పడిందని మురిపెంగా చూసుకుంటోందిలే అనుకున్నారు. హరిణి ఒక్కతే ఆ వైపు వెళ్ళినప్పుడల్లా తల దించుకుని వెళ్ళింది. అన్నం సయించలేదు. టైలరమ్మ నవల తెరవబుద్ధి కాలేదు.

ఆదివారం సాయంత్రం అశ్వత్థప్ప పద్మనాభంగారిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఉత్తరంలో హరిణి ఏమి రాస్తుందో తనకు తెలియదు కదా. చదివి చెప్పే మనిషి పక్కన ఉండాలి. పద్మనాభంగారు పాపం కుర్చీ అంచున కూర్చుని, ఇంటివాళ్ళ గొడవలో తనను ఇరికించారని నొచ్చుకుంటూ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

అశ్వత్థప్ప తెల్ల కాగితం, పెన్ను బల్ల మీద పెట్టాడు. “రాయమ్మా.”

హరిణి కుర్చీలో కూర్చోలేదు. “నేను రాయను మామయ్యా. మిమ్మల్ని నలుగురిలో చిన్నబుచ్చాను, తప్పు నాదే. మీ ఇంటి మాట మిమ్మల్ని అడక్కుండా రాయకూడదు. ఇక మీదట ఆ పేజీ కూడా రాయను, వదిలేస్తాను. కానీ అత్తయ్య ఆ మాట అనలేదని మాత్రం రాయను.”

“హరిణీ, పేజీ వదిలేయడం ఏమిటి?” అన్నాడు మల్లికార్జున్ కంగారుగా.

అశ్వత్థప్ప భార్య వైపు తిరిగాడు. “నువ్వే చెప్పు. పద్మనాభంగారి ముందర చెప్పు. ఆ మాట నువ్వు అన్నావా? అనలేదు కదా?”

సుబ్బలక్ష్మమ్మ పత్రిక పట్టుకుని లోపలి నుంచి వచ్చి నిలబడింది.

“అన్నా,” అంది. “నేను ఇల్లు వదిలి పోయింది నిజం. తిరిగి వచ్చింది నిజం. దాన్ని యాల కొట్టేయల్ల? అయితే ఈ పేజీలో ఒక అబద్దం ఉండాది. అది మాత్రం మీకెవురికీ కనపడలేదు.”

ఆమె పత్రికను బల్ల మీద పరిచి, కళ్ళజోడు సర్దుకుని, ఒక వరుస కింద వేలు పెట్టింది. వేలు ఒక్కో అక్షరం దగ్గర ఆగుతూ కదిలింది.

“చ... దు... వు. రా... ని.”

హరిణి రెండు చేతులతో నోరు మూసుకుంది.

“నిన్న నువ్వు చదివినప్పుడు ఈ మాట రాలేదు తల్లీ. నువ్వు చదివింది నాకు బాయిపాఠం అయిపోయింది, నోటికి వచ్చేసింది. దాన్ని పెట్టుకుని అక్షరాలు ఒకటొకటే చూసినా. మా కన్నడం అక్షరాల మాదిరే ఉండాయి, తలకట్టులే కొంచెం తేడా. యలహంక అనేది దొరికె. పెద్దామె అనేది దొరికె. మధ్యలో రెండు మాటలు ఎక్కువ ఉండాయి. ఇవేమబ్బా అని రెండు పూటలు కూర్చుని కూడబలుక్కున్నా. నాకు చదువు రాదని నేనే చదువుకున్నా.”

“అత్తయ్యా...” అంది హరిణి. మిగతా మాట ఏడుపులో కలిసిపోయింది.

“ఏడ్చేదానికి ముందు చెప్పు. నేను దినామూ పేపరు చదివేది నువ్వు చూడలేదా?”

“చూశాను.”

“మరి యాల రాసినావు?”

అబద్ధం చెప్పి తప్పించుకోవడానికి హరిణికి దారులు ఉన్నాయి గాని వాటిని వెతుక్కోలేదు. “వాక్యం బాగుంటుందని రాశానత్తయ్యా.”

“నువ్వు ఆ రాసేవాళ్ళను ఏమని తిడతావు? ఆడమనిషిని కథకు సరిపోయేటట్ల కత్తిరించినారని తిడతావు కదా. నువ్వు నన్ను చేసిందేమి?”

నాలుగేళ్ళలో హరిణి ఎందరు రచయిత్రులను ఆ మాటతో చీల్చి చెండాడిందో ఆమెకే లెక్క తెలియదు. ఇప్పుడు అదే మాట తన ఇంట్లో, తన మొహం మీద పడింది.

సుబ్బలక్ష్మమ్మ కోడలిని అక్కడే వదిలి భర్త వైపు చూసింది. “నేను దేవనహళ్ళి ఎందుకు పోయినానో ఈ పిల్ల అడగలేదు, పోనీ, చిన్నది. మీరు ముప్పై ఏండ్లలో ఒక్కసారి కూడా అడగలేదు.”

“ఇప్పుడెందుకే అవన్నీ,” అన్నాడు అశ్వత్థప్ప. గొంతులో నిన్నటి కోపం లేదు.

“ఇప్పుడే కావల్ల. మల్లీ, నువ్వూ విను. నీకు అప్పుడు మూడేండ్లు. మహిళా సమాజం ఆఫీసరమ్మ మన ఇంటికి వచ్చింది. శిశువిహారానికి టీచరమ్మ కావల్లని, ఈ వీధిలో హైస్కూలు ముగించి ఎస్సెస్సెల్సీ పాసయినది నేనొక్కతే అని, వెతుక్కుని వచ్చింది. నాది ఫస్టు క్లాసు. నేను లోపల చీర మార్చుకుంటా ఉండా. మీ తాత చిక్కమునియప్ప వాకిట్లో నిలబడి ఏమన్నాడో తెలుసా? ‘మా కోడలికి చదువు రాదమ్మా, మీకెవురో తప్పు చెప్పినారు’ అన్నాడు. మీ నాయన పక్కనే ఉండాడు. ఆయనకు తెలుసు. ఊరికే నిలబడినాడు. ఆయమ్మ ఇంకో ఇంటికి పోయింది.”

మల్లికార్జున్ తండ్రి వైపు చూశాడు. అశ్వత్థప్ప నేల చూపులు చూస్తున్నాడు.

“మర్నాడు నేను బస్సెక్కినా. మా అమ్మ ఇంటికి కూడా పోలేదు. నేను చదివిన బడి బయట అరుగు మీద కూర్చున్నా. లోపల పిల్లోళ్ళు పాఠం చెప్తా ఉంటే వింటా కూర్చున్నా. సాయంత్రం వీడు గుర్తుకొచ్చి తిరిగి వచ్చినా.” ఆమె పత్రికను భర్త వైపు జరిపింది. “నిన్న పార్కులో పద్మనాభంగారు ఈ పేజీ అంతా చదివినారు. చదువు రాని పెద్దామె అని మీ చెవులతో విన్నారు. నేను బస్సెక్కినానన్న నిజానికి మీకు తల కొట్టేసినట్లయింది. నా పెండ్లానికి చదువు రాదంటే మాత్రం ఏమీ కాలేదు. ఆ పొద్దు ఊరికే నిలబడినారు. నిన్న ఊరికే కూర్చున్నారు.”

పద్మనాభంగారు మెల్లగా అన్నాడు. “నలభై ఏళ్ళు పాఠాలు చెప్పినవాణ్ణి. ఆ మాట నేనూ దాటిపోయానమ్మా. క్షమించాలి.”

అశ్వత్థప్ప బల్ల మీది కాగితాన్ని తీసి నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. పెరట్లోకి వెళ్ళి తొట్టి గట్టు మీద కూర్చున్నాడు. మాస్టారు సెలవు తీసుకున్నాక సుబ్బలక్ష్మమ్మ కాఫీ కలిపి తీసుకెళ్ళి పక్కన పెట్టింది. అతను కాఫీ ముట్టలేదు.

“ఆ పొద్దు ఏమి తింటివి?” అని అడిగాడు.

“ఏమీ తినలే. బడి కొళాయిలో నీళ్ళు తాగినా.”

“మా నాయన ముందర నాకు నోరు లేచేది కాదు.”

“తెలుసు.”

“తెలిసి కూడా ఇన్నేండ్లు వండి పెడితివే,” అన్నాడు అశ్వత్థప్ప. ఆ మాటతో అతనికి ఏడుపు ఆగలేదు. భుజం మీది తువ్వాలు తీసి మొహం కప్పుకున్నాడు. సుబ్బలక్ష్మమ్మ ఊరుకోమని అనలేదు. ఏడ్వనిచ్చింది. ముప్పై ఏళ్ళుగా ఆ మనిషి దగ్గర ఆమె కోరుకున్నది అంత మాత్రమే.

లోపలికి వచ్చేసరికి హరిణి గిన్నెలు కడుగుతోంది, కళ్ళు వాచిపోయి. “రేపే దిద్దుబాటు రాసి పంపిస్తానత్తయ్యా. తెలిసి తెలిసి అబద్ధం రాశానని రాస్తాను. ఆ తర్వాత పేజీ ఎవరికైనా ఇచ్చేయమని చెబుతాను.”

“దిద్దుబాటు రాయి. అది రాయాల్సిందే. పేజీ ఎవురికి ఇస్తావు? ఆ టైలరామె సంగతి సగంలో ఉండాది. నాకు చెప్పవలసింది చానా ఉండాది.”

“మీరు చెప్పండి, మీ పేరుతోనే రాస్తాను.”

“నువ్వు యాల రాయల్ల? నాకు చేతులు లేవా? అక్షరాలు మాత్రం నాకు వచ్చినవే రాస్తా. నువ్వు వాటిని మార్చుకో. మాట మార్చినావంటే మాత్రం ఊరుకోను.”

హరిణి ఆ మాటకు ఏడుస్తూనే నవ్వింది. అత్తగారి భుజం మీద తల పెట్టింది. సుబ్బలక్ష్మమ్మ తడి చేతులతోనే ఆమె వీపు నిమిరింది.

రెండు వారాలు పట్టింది ఆ సమీక్ష. పొద్దున పేపరయ్యాక ఒక గంట, మధ్యాహ్నం ఒక గంట, రూళ్ళ నోటుపుస్తకంలో కన్నడ అక్షరాలతో తెలుగు మాటలు రాసింది. కొట్టివేతలు పెద్దగా లేవు. ‘ఈ పుస్తకం రాసిన ఆమెకు కుట్టుపని బాగా తెలుసు, వంట తెలియదు’ అని మొదలుపెట్టింది. ‘కుట్టేవాళ్ళు గుండుసూదులు నోట్లో పట్టుకుంటారు. అందుకే ఈ కథలో ఆమె మాట్లాడవలసిన చోట మాట్లాడలేదు. ఈ సంగతి నాకు చాలా నచ్చింది. కానీ పదిహేను మందికి క్షణాల్లో వండిందంట. పప్పు ఉడికేది ఎవరి మాటా వినదు’ అని రాసింది. హరిణి వాటిని తెలుగు అక్షరాల్లోకి ఎత్తి రాస్తూ, ఒక చోట ‘చాలా’ అనే మాట తీసేయబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది.

హైదరాబాదు నుంచి సంపాదకుడు ఫోను చేశాడు. దిద్దుబాటు చదివానని, ఇలాంటిది ఎవరూ రాసి పంపరని అన్నాడు. కన్నడ అక్షరాల పేజీ ఒకటి ఫోటో తీసి పక్కన వేస్తామన్నాడు. చివరికి, “పెద్దావిడ పేరు కింద ఏమని వెయ్యాలి? గృహిణి అని వేద్దామా?” అని అడిగాడు.

హరిణి ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టి అడిగింది.

“గృహిణి అని యాల, ఇంట్లో ఉండేవాళ్ళంతా గృహిణులే కదా,” అంది సుబ్బలక్ష్మమ్మ. “ఎస్సెస్సెల్సీ అని వెయ్యమను. ఫస్టు క్లాసు అనేది వద్దులే, గొప్పలు చెప్పుకున్నట్లు ఉంటుంది.”

మార్చి మొదటి శనివారం పత్రిక వచ్చింది. అశ్వత్థప్ప కాఫీ తాగి, చొక్కా వేసుకుని, వాకిట్లో నిలబడ్డాడు. “చెప్పులేసుకో,” అన్నాడు భార్యతో. “పార్కుకు పోదాం.”

“నేనెందుకు మీ మొగోళ్ళ మధ్యలో?”

“నువ్వు రావల్ల.”

బెంచీ మీద నంజప్ప, అంజినప్ప జరిగి ఆమెకు చోటిచ్చారు. పద్మనాభంగారు పత్రిక విప్పి, మొదట హరిణి రాసిన దిద్దుబాటు నాలుగు వాక్యాలూ చదివాడు. తర్వాత గొంతు సవరించుకుని, “సమీక్ష: సుబ్బలక్ష్మమ్మ, ఎస్సెస్సెల్సీ, యలహంక” అని చదివాడు.

నంజప్ప ఆశ్చర్యంగా తల తిప్పాడు. “ఏమప్పా అశ్వత్థప్పా, మీ ఇంటామెకు చదువు వచ్చునా?”

అశ్వత్థప్ప లేచి నిలబడ్డాడు. కూర్చుని చెప్పే మాట కాదనుకున్నాడేమో.

“వచ్చు నంజప్పా. ఫస్టు క్లాసులో పాసయింది. ఆ కాలంలో ఉద్యోగం మా ఇంటి వాకిలి దాకా వస్తే, మా నాయన చదువు రాదని చెప్పి పంపించేసినాడు. నేను పక్కనే నిలబడి నోరు మూసుకున్నా. అందుకే ఆమె ఆ పొద్దు దేవనహళ్ళి పోయింది. తప్పు ఆమెది కాదు, నాది.”

దూరంగా ఎయిర్‌బేస్ వైపు నుంచి విమానం ఒకటి లేచింది. సుబ్బలక్ష్మమ్మ భర్త వైపు చూసింది. ఆమె కళ్ళు నిండాయి గాని తుడుచుకోలేదు.

“చదవమంటారా అమ్మా?” అని అడిగాడు పద్మనాభంగారు.

“ఇట్ల ఇవ్వండి సార్. నేను రాసింది కదా, నేనే చదువుతా.”

కళ్ళజోడు పెట్టుకుని, పత్రిక ఒళ్ళో పరుచుకుని, వేలు అక్షరాల కింద పెట్టి మొదలుపెట్టింది. రెండు నెలలుగా హరిణి దగ్గర కూర్చుని నేర్చుకున్న తెలుగు అక్షరాలు అవి. ఒత్తుల దగ్గర ఆగింది. ఒక మాట తప్పు చదివి, మళ్ళీ వెనక్కి వచ్చి సరిగ్గా చదివింది. పద్మనాభంగారు ఒకసారి అందివ్వబోతే వద్దని చెయ్యి ఊపింది. ఒక పేజీ చదవడానికి పావుగంట పట్టింది. అశ్వత్థప్ప ఆ పావుగంటా నిలబడే విన్నాడు.

చివరి వాక్యం అయ్యాక ఆమె కింద అచ్చయిన తన పేరు కూడా గట్టిగా చదివింది.